నడిపేది యంత్రం, బోనెక్కేది మనిషి

డ్రైవర్ లేని కారు మనిషికన్నా భద్రంగా నడుస్తుందా అన్న చర్చ ఇక చాలు. నడుస్తుందనే అనుకుందాం. యంత్రం తాగదు, కునుకు తీయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాలు ఏటా దాదాపు 11.9 లక్షల మందిని బలి తీసుకుంటున్నాయి. ఆ సంఖ్యను తగ్గిస్తామని ఎవరైనా ముందుకొస్తే అడ్డుపడటం పాపమే. ఈ వాదనకు నేను ఇంతకన్నా చోటివ్వను, కంపెనీల ప్రకటనల్లో అది దండిగానే దొరుకుతుంది.

నన్ను తొలిచేది వేరే సంగతి. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీ పట్టణంలో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళ ఉబర్ ప్రయోగాత్మక కారు ఢీకొని చనిపోయింది. ఆ దర్యాప్తు నివేదిక చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. పసిగట్టింది గానీ, ఎదుట ఉన్నదేమిటో తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనం అనుకుంది, ఇంకోసారి ఏదో వస్తువు అనుకుంది, ఆ తర్వాత సైకిల్ అనుకుంది. అభిప్రాయం మార్చుకున్న ప్రతిసారీ, అప్పటిదాకా ఆమె ఎటు కదులుతూ వచ్చిందో లెక్కలోంచి తీసేసింది. మనిషి అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. జీబ్రా గీతలు లేనిచోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహకే ఆ ప్రోగ్రామ్‌లో తావు లేదు మరి! పైగా, ఉత్తపుణ్యానికి బ్రేకులు పడకుండా, ప్రమాదం కనిపించినా ఒక సెకను ఆగాలని దానికి నేర్పి పెట్టారు.

ఆ సెకను ఆకాశంలోంచి ఊడిపడలేదు. చల్లని గదిలో కూర్చుని ఎవరో తీరిగ్గా నిర్ణయించారు. కంపెనీపై క్రిమినల్ కేసుకు ఆధారం లేదని ప్రాసిక్యూటర్లు తేల్చేశారు. కారును కనిపెట్టుకుని ఉండాలంటూ సీటులో కూర్చోబెట్టిన ఉద్యోగికి మాత్రం 2023లో మూడేళ్ల ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా నిఘాలో ఉంచే శిక్ష, పడింది. ఆ ఉద్యోగి చూపు రోడ్డు మీద కాకుండా ఫోను మీద ఉంది, తప్పే. కానీ గంటల తరబడి ఏ పనీ లేకుండా కూర్చోబెట్టి, సరిగ్గా ఆ క్షణంలో మెరుపులా కదలమంటే ఏ మనిషి కదులుతాడు?

ఈ రోగం కార్లతో ఆగేది కాదు. రుణం ఇవ్వకపోయినా, ఖాతా స్తంభించినా, ఉద్యోగం దరఖాస్తు వెనక్కి వచ్చినా కౌంటర్ అవతలి మనిషి చెప్పే మాట ఒక్కటే: ‘సిస్టమ్ ఒప్పుకోవడం లేదండీ.’ ఆ సిస్టమ్‌ను అలా తయారుచేసినవాళ్లు ఆ కౌంటర్ దరిదాపుల్లో కనిపించరు. చీవాట్లు తినేది అక్కడ కూర్చున్న చిరుద్యోగి.

బ్రిటన్ 2024లో చేసిన చట్టం కొంత నయం. కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు అది నడిచిన తీరుకు సీటులోని మనిషిని నేరస్థుణ్ని చేయకూడదని, అనుమతి పొందిన సంస్థే జవాబు చెప్పాలని అది అంటోంది. నేనైతే ఇంకో అడుగు ముందుకు వేస్తాను. మామూలు డ్రైవర్ లైసెన్సు మీద పేరు, ఫొటో ఉంటాయి. ఈ కార్ల అనుమతి పత్రం మీదా ఒక పేరు, ఒక ఫొటో ఉండాలి. బ్రేకు వేసే ముందు ఒక సెకను ఆగమని చెప్పగల అధికారం ఎవరికి ఉందో, వాళ్లవి. ఆ కాగితం మీద సంతకం పడ్డ మర్నాడే నేను వెనక సీటు ఎక్కుతాను.