ఖాళీ బీచ్ కావాలంటే ముందు క్యాలెండర్ చూడండి

రాళ్ల తీరంలో టెంట్ వేసుకోడానికి ఎవరికీ తెలియని బీచ్ ఒకటి కావాలి, లొకేషన్ పంపవా అని అడిగేవాళ్లు నెలకి ఇద్దరైనా తగులుతుంటారు నాకు. నేను పంపను. దాచుకోవాలని కాదు, పంపినా వాళ్లకి అది పనికిరాదని. కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోయే తీరంలో బీచ్ రోజంతా ఒకేలా ఉండదు, పొద్దున పదింటికి వంద అడుగుల ఇసుక కనిపించిన చోట సాయంత్రం నాలుగింటికి నడుము లోతు నీళ్లుండొచ్చు, వచ్చిన దారి కూడా మునిగిపోయి ఉండొచ్చు. అంటే మ్యాప్‌లో పెట్టి పంపే ఆ లొకేషన్ పిన్‌లో సగం సమాచారమే ఉంది, మిగతా సగం తేదీలో, టైమ్‌లో ఉంది. మారుమూల బీచ్‌లు వెతికేవాళ్లు ఎక్కువమంది ఈ రెండో సగాన్ని వదిలేస్తున్నారని నా అభిప్రాయం, ప్రమాదాలు కూడా అక్కడే మొదలవుతాయి.

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, అంటే నీళ్లు రెండుసార్లు పైకొస్తాయి, రెండుసార్లు వెనక్కి తగ్గుతాయి. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అందుకే ఇవాళ్టి పోటు రేపు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇంతవరకు బళ్లో చదువుకున్నదే. టెంట్ వేసేవాళ్లకి కావాల్సిన లెక్క దీని తర్వాత ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు కాబట్టి నీళ్లు బాగా పైకి వస్తాయి, అష్టమి దగ్గర తక్కువ వస్తాయి. ఇంకోటి, ఆ పెద్ద పోటు సరిగ్గా పౌర్ణమి రాత్రే రావాలని లేదు, చాలా చోట్ల ఒకట్రెండు రోజుల తర్వాత వస్తుంది. నాకు ఇది అనుభవం మీదే తెలిసింది. ఒక చిన్న వంపులో అష్టమి రోజుల్లో రెండు రాత్రులు హాయిగా పడుకుని వచ్చాం, నీళ్లు టెంట్‌కి ఇరవై అడుగుల అవతలే ఆగిపోయాయి, ఆ ధైర్యంతో ఇంకోసారి పౌర్ణమి వెళ్లిన రెండో రోజు అదే చోట అదే రాయి పక్కన టెంట్ వేశాం. అర్ధరాత్రి దాటాక అడుగున తడి తగిలి మెలకువొచ్చింది. చీకట్లో చేతికందినవి పట్టుకుని రాళ్లెక్కి కూర్చున్నాం, నీళ్లు తగ్గేదాకా దాదాపు మూడు గంటలు ఎవరం మాట్లాడలేదు. చోటు అదే, మారింది తిథి ఒక్కటే.

పోటు పాట్ల టైమ్‌లూ ఎత్తులూ ముందే లెక్కేసి ఇచ్చే టైడ్ టేబుల్ చూస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. అందులో ఉండే అంకెలు సూర్యచంద్రుల లాగుడుని బట్టి వేసినవి, ఆ రోజు గాలి ఎటు వీస్తోంది, ఒత్తిడి ఎంత పడిపోయింది అనేది దానికి తెలియదు. గాలి ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (ఒత్తిడిని కొలిచే యూనిట్, మిల్లీబార్ అన్నా అదే) తగ్గితే సముద్ర మట్టం దాదాపు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది, అంటే పెద్ద అల్పపీడనం పడితే టేబుల్ చెప్పినదానికన్నా నీళ్లు మూరెడు పైకి రావొచ్చు, దాని మీద అలలు అదనం. ఇక తీరాన్ని బట్టి తేడా ఎంతుంటుందంటే మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల పోటుకీ పాటుకీ తేడా అర మీటర్ కూడా ఉండదు, అదే కెనడాలోని బే ఆఫ్ ఫండీలో 16 మీటర్ల దాకా ఉంటుంది, అందుకే ఒక దేశంలో పదేళ్లు బీచ్‌ల మీద పడుకున్న అనుభవం ఇంకో దేశంలో మొదటి రాత్రికే పనికిరాకుండా పోవచ్చు. పైగా నీళ్లు ఒకే స్పీడ్‌లో పెరగవు. నావికులు వాడే పన్నెండో వంతు లెక్క ఒకటుంది, మొత్తం పెరుగుదలని పన్నెండు భాగాలు చేస్తే ఆరు గంటల్లో అది వరసగా 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున పెరుగుతుంది. మొదటి గంట చూసి మెల్లగానే వస్తోందిలే అనుకుంటాం, మూడో నాలుగో గంటల్లో సగం నీళ్లు వచ్చి పడతాయి.

ఇప్పుడు వెతకడం సంగతి. నేను వాడే మొదటి ఉపాయం చాలా సింపుల్, మ్యాప్‌లో తీరం వెంబడి వెళ్లే రోడ్డు ఎక్కడ సముద్రాన్ని వదిలేసి లోపలికి తిరిగిందో చూడటం. రోడ్డు వేసేవాళ్లు ఊరికే తిరగరు, అక్కడ కొండ వాళ్లని ఆపి ఉంటుంది. కాలిఫోర్నియాలోని లాస్ట్ కోస్ట్‌కి ఆ పేరు వచ్చింది, అది ఇప్పటికీ ఖాళీగా ఉంది అంటే కారణం ఇదే, తీరం పట్టుకుని వచ్చిన హైవే 1 అక్కడికి వచ్చేసరికి నిటారు కొండలు చూసి లోపలికి వెళ్లిపోయింది. కింగ్స్ పీక్ అని 4,000 అడుగులు దాటిన శిఖరం సముద్రానికి ఐదు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అక్కడ ఉత్తర భాగంలో సుమారు 40 కిలోమీటర్లు సముద్రం పక్కనే నడుస్తూ వాగుల ఒడ్డున టెంట్ వేసుకోవచ్చు, కానీ మధ్యలో రెండు చోట్ల ఒక్కొక్కటి ఆరేడు కిలోమీటర్ల ముక్క పోటు టైమ్‌లో నడవడానికి వీలుండదు, ఒక పక్క కొండ ఇంకో పక్క అల. పాటు మొదలయ్యాక బయల్దేరి మళ్లీ నీళ్లు పెరగకముందే దాటాలి, మధ్యలో ఫొటోలు తీసుకుంటూ కూర్చునే వీలు లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపిక్ నేషనల్ పార్క్ తీరం ఇంకా కఠినం, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన్ని కొండ ముక్కుల్ని పాటులో కూడా చుట్టి రాలేం, తాళ్లూ నిచ్చెనలూ పట్టుకుని పైనుంచి దాటాల్సిందే.

శాటిలైట్ ఫొటోలు చూసి చోటు ఫిక్స్ చేసుకునేవాళ్లకి ఒక మాట. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. ఆ ఫొటో తీసినప్పుడు పోటో పాటో మీకు తెలియదు, అందులో కనిపించే తెల్లటి ఇసుక పాటులో తీసినదైతే రాత్రికి అక్కడ ఇసుకే ఉండదు. వేర్వేరు తేదీల్లో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి, అన్నిట్లో పొడిగా కనిపించే ముక్క ఒకటుంటే అదీ పనికొచ్చేది. తర్వాత కాంటూర్ గీతలు, అంటే మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతూ గీసే గీతలు. గీతలు దగ్గరదగ్గరగా వచ్చి నీళ్లని తాకుతుంటే పైకి పారిపోవడానికి దారి లేదని అర్థం. గీతలు విడిపోయి మధ్యలోంచి ఒక వాగు సముద్రంలో కలుస్తుంటే అక్కడ ఆశ ఉంది, మంచినీళ్లు ఉండొచ్చు, బీచ్ కన్నా ఎత్తులో గడ్డి మెట్ట ఉండొచ్చు, వెనక్కి వెళ్లే దారీ ఉండొచ్చు. నేనైతే బాగా అందంగా కనిపించే, మూడు వైపులా కొండ మూసేసిన చిన్న వంపు కన్నా ఇలాంటి సాదాసీదా వాగు మొగని ఎప్పుడూ ముందు పెట్టుకుంటా.

అక్కడికి చేరాక మ్యాప్ లోపల పెట్టేసి నేలని చూడాలి. నాచు, పుల్లలు, ప్లాస్టిక్ కొట్టుకొచ్చి ఆగిన గీత ఒకటి కనిపిస్తుంది, అది నిన్నటి పోటు గీత. చాలామంది దాని పైన పడుకుంటే చాలనుకుంటారు, కానీ దానికి ఇంకా పైన ఎండిపోయిన పాత గీత ఒకటుంటుంది, అది పోయిన అమావాస్యదో పౌర్ణమిదో అయి ఉంటుంది, ఇంకా పైన పెద్ద దుంగలు పేరుకుని ఉంటే అవి తుపాను అలలు మోసుకొచ్చినవి. మీరు ఏ గీత పైన పడుకోవాలో తిథి చెబుతుంది, వాతావరణం చెబుతుంది. గడ్డీ చిన్న మొక్కలూ వేళ్లు పట్టుకుని ఏళ్లుగా బతుకుతున్నాయంటే ఉప్పునీళ్లు అక్కడిదాకా తరచూ రావట్లేదని నమ్మొచ్చు. ఇక దుంగల సంగతి, దయచేసి నీళ్లకి దగ్గరగా ఉన్న దుంగల మీద కూర్చోకండి, పిల్లల్ని ఎక్కించకండి, టన్నుల బరువున్న దుంగని కూడా పెద్ద అల ఒకటి లేపి దొర్లించేస్తుంది. అమెరికా పసిఫిక్ తీరంలో స్నీకర్ వేవ్స్ అంటారు, పావుగంట ఇరవై నిమిషాలు సముద్రం నెమ్మదిగా ఉండి హఠాత్తుగా ఒక అల మిగతావాటికన్నా చాలా దూరం పైకి వచ్చేస్తుంది, అందుకే అక్కడ సముద్రానికి వీపు చూపించొద్దని ప్రతిచోటా రాసి పెడతారు.

అల నుంచి తప్పించుకోవాలని కొండ మొదట్లోకి జరిగిపోవడం ఇంకో తప్పు. పైన కొండ ఉందంటే అది రాలుతూ ఉంటుంది, వాన పడ్డాక మరీ. కింద పడున్న రాళ్లు చూడండి, అంచులు పదునుగా, రంగు తాజాగా, నాచు పట్టకుండా ఉంటే అవి ఈమధ్యే పడ్డాయి. అల అందని, రాయి అందని సన్నటి ముక్క మిగలాలి, మిగలకపోతే అది టెంట్ వేసే బీచ్ కాదు, చూసి వచ్చే బీచ్.

నీళ్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, వాగు నీళ్లు సముద్రం పక్కన ఉప్పు కలిసి ఉంటాయి కాబట్టి కాస్త పైకెళ్లి పట్టుకుని, శుద్ధి చేసుకుని తాగాలి. వాగుకి ఇంకో ముఖం కూడా ఉంది, హవాయిలో తీరం వెంబడి వెళ్లే కలలావు నడకదారిలో హనకాపియాయి వాగు కొండల్లో వాన పడితే కాసేపట్లోనే దాటలేనంతగా పొంగుతుంది. ఫోన్ సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఉంది కదా అనుకున్నా నిటారు కొండ కింద ఆకాశం సగమే కనిపిస్తుంది, మెసేజ్ పోవడానికి చాలాసేపు పట్టొచ్చు. ఇంట్లో ఒకరికి దారీ, తిరిగొచ్చే టైమూ రాసిచ్చి వెళ్లడం వీటన్నిటికన్నా గట్టి పని.

చట్టం విషయంలో నాకు ఎప్పుడూ విచిత్రంగా అనిపించేది ఒకటుంది. చాలా చోట్ల పోటు గీతకి కింద ఉన్న ఇసుక మాత్రమే జనానిది, గీతకి పైన ఉన్నది ప్రభుత్వానిదో పార్కుదో ఎవరో ఒకరి సొంతమో. అంటే నడిచే హక్కు ఉన్న చోట పడుకోలేం, పడుకోగలిగిన చోటికి పర్మిషన్ కావాలి. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేలమీద, ఇళ్లకి 150 మీటర్ల దూరంలో రెండు రాత్రులు ఎవరైనా ఉండొచ్చు. స్కాట్లాండ్‌లో 2003 చట్టం అలాంటి హక్కే ఇచ్చింది, శాండ్‌వుడ్ బే లాంటి చోటికి ఆరేడు కిలోమీటర్లు నడిచి వెళ్లి దర్జాగా పడుకోవచ్చు. లాస్ట్ కోస్ట్‌లో, ఒలింపిక్‌లో పర్మిట్ తప్పనిసరి. పర్మిట్ అంటే విసుక్కునేవాళ్లతో నేను ఏకీభవించను, ఇంతమందికి మించి వద్దు అని ఒకరు లెక్క పెట్టబట్టే అక్కడ ఇంకా ఏకాంతం మిగిలింది. కలలావు దారి మొదలయ్యే హాయెనా పార్కులో 2019 నుంచి రోజుకి 900 మంది అని పరిమితి పెట్టారు, అంతకుముందు దానికి రెట్టింపు దాటి వచ్చిన రోజులున్నాయి.

లొకేషన్ పంపకపోవడానికి రెండో కారణం కూడా ఇదే. మారుమూల బీచ్‌లో టెంట్‌కి పనికొచ్చే పొడి నేల మహా అయితే నాలుగైదు టెంట్లకి సరిపోతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టేదీ, నేలమీద గూడు పెట్టే తీరపక్షులు పొదిగేదీ సరిగ్గా ఆ పోటు గీత పైన ఉన్న ఇసుకలోనే, మనం సేఫ్ అని ఎంచుకునే చోటే వాటికీ సేఫ్. ఒక పిన్ వందల ఫోన్లకి పాకితే పోయేది ముందు అవే. ఎలా వెతకాలో నేర్పితే పదిమంది పది చోట్లకి వెళ్తారు, పిన్ ఇస్తే పదిమందీ ఒక్కచోటే దిగుతారు.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది, ఏ తేదీల్లో వెళ్తున్నారు అని. తేదీ చెప్తే అది ఏ తిథో చూస్తాం, రాత్రి పోటు ఎన్నింటికో, మర్నాడు పొద్దున దారి ఎప్పుడు తేలుతుందో చూస్తాం. మర్నాటి పాటు మధ్యాహ్నం పన్నెండు దాటాక ఉందనుకోండి, ఆరింటికే లేచి సర్దుకున్నా పొద్దంతా అక్కడే కూర్చోవాలి, ఇంకో పూటకి నీళ్లూ తిండీ మోసుకెళ్లాలి, సాయంత్రం బండి అందదు. అలాంటప్పుడు ఇంకో వారం ఆగమని చెప్తా, ఆగినవాళ్లతో మాత్రమే కలిసి మ్యాప్ తెరుస్తా.