గంటలో చేతికొచ్చే శిక్షణ ధ్రువపత్రానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అంతర్గత కమిటీ శిక్షణ ధ్రువపత్రం గారి సముఖమునకు,

పనిచేసే చోట లైంగిక వేధింపు స్త్రీల సమానత్వ హక్కుకు భంగమని 1997లో విశాఖ అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పదహారేళ్లకు, 2013లో వచ్చిన చట్టం, సాక్షులను పిలిపించి ప్రమాణం చేయించడంలో, పత్రాలు తెప్పించుకోవడంలో, సంస్థల్లో ఈ ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారాలను ఇచ్చింది. సభ్యులకు అవగాహన కార్యక్రమాలు పెట్టాలని 19వ సెక్షన్‌లో యజమానిని ఆదేశించింది గానీ, అవి ఎన్ని గంటలుండాలో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీలోనే, గంట వీడియో చూస్తే చేతికొచ్చేలా, తాము అవతరించారు.

తమంత సులభప్రసన్నులు మరొకరు లేరు. వీడియో తన మానాన తాను నడుస్తుండగా పక్కనే జీతాల పట్టిక సరిచూసుకుంటున్న అకౌంట్స్ అధికారిణి సైతం, చివరి ప్రశ్నలకు సరైన జవాబు తగిలేదాకా నొక్కుతూ పోయే వీలున్నందున, భోజనవేళకు ముందే విచారణాధికారి అయిపోతున్నారు. మర్నాడు ఫిర్యాదు రాగానే "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నది ఆమె మొదటి ప్రశ్న, "పోనీ, ఆయన చేత సారీ చెప్పిస్తే సరిపోతుందా?" అన్నది రెండోది. రాజీ మాట బాధితురాలు కోరితేనే ఎత్తాలన్న 10వ సెక్షన్ ఆ వీడియోలో ఎన్నో నిమిషంలో వచ్చిందో తమకే తెలియాలి. అవతలి వ్యక్తికి ఫిర్యాదు ప్రతి ఇవ్వకుండానే సంజాయిషీ అడగడమూ తమ చలవే. ఇరుపక్షాలకూ సమానంగా అన్యాయం చేయడంలో తమకు ఏ వివక్షా లేదు.

అమెరికా ఫెడరల్ శాఖల్లో ఉద్యోగుల వివక్ష ఫిర్యాదులను విచారించేవారికి మొదట 32 గంటల శిక్షణ, ఆపైన ఏటా 8 గంటల పునశ్చరణ తప్పనిసరి. అంత క్రౌర్యం తమ దయార్ద్ర హృదయానికి సరిపడదు.

గోవా విశ్వవిద్యాలయపు కమిటీ 2009లో, అంటే ఈ చట్టం పుట్టకముందే, ఒక అధ్యాపకుడిపై విద్యార్థినులు చేసిన లైంగిక వేధింపు ఫిర్యాదుల విచారణను హడావిడిగా ముగించింది. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ అధ్యాపకుడి తొలగింపును రద్దుచేసి, విచారణను 2009 మే నాటి దశ నుంచి మళ్లీ సాగించమన్నది. ఫిర్యాదు చేసిన విద్యార్థినులు ఈ పద్నాలుగేళ్లలో ఎక్కడెక్కడ స్థిరపడ్డారో గానీ, కమిటీ సభ్యులకు తరచూ శిక్షణనివ్వాలని అదే తీర్పు చెప్పింది.

కనుక ఒక్క మనవి. ఈసారి వేంచేసే ముందు, ఒక కల్పిత ఫిర్యాదును సభ్యుల చేతికిచ్చి, ఇద్దరు సాక్షుల వాంగ్మూలాలు తీయించి, కారణాలతో నివేదిక రాయించి, దానిని ఒక న్యాయవాది చదివి సరేనన్నాకే గోడెక్కండి.

ఇట్లు,
తమ లింకు ఈ ఉదయమే అందిన కమిటీ కొత్త సభ్యుడు