థియరిస్ట్ పనిని సైటేషన్లతోనే తూచలేం

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తిరుపతి జిల్లా ఎడిషన్లలో ఒక వార్త కనిపిస్తుంది: ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్‌కు చోటు. సంతోషించాల్సిన విషయమే. అయితే అది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇచ్చే అవార్డు కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన పేపర్ల డేటాబేస్‌లోని సైటేషన్లను, అంటే ఒక పేపర్‌ను వేరే పేపర్లు ఎన్నిసార్లు ప్రస్తావించాయో లెక్కగట్టి తయారుచేసే జాబితా. దానికోసం ఎవరి పేపర్‌నూ ఎవరూ కూర్చుని చదవరు. నా బాధ ఆ జాబితాలోకి ఎక్కనివాళ్ల గురించి, అందులోనూ ప్రయోగాలతో కాక లెక్కలతో పనిచేసే థియరిటికల్ ఫిజిక్స్ వాళ్ల (థియరిస్టుల) గురించి. ఎస్వీ యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ ఉన్న ప్రాంతం మనది. ఈ మాట ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

అసలు లెక్క పేరు దగ్గరే తప్పుతుంది. డేటాబేస్ చాలాసార్లు పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది. మన అసలు ఇంటిపేరు ముందు ఒక పొడి అక్షరంగా మిగిలిపోతుంది. ‘రెడ్డి, కె.’ అని వెతికితే కాస్మాలజీ చేసే రెడ్డిగారు, సన్నపొరల మీద పనిచేసే రెడ్డిగారు, ఎక్కడో ఆస్పత్రిలో ఉన్న డాక్టర్ రెడ్డిగారు కలిసి వచ్చేస్తారు. అదే మనిషి ఒక పేపర్లో ‘కె. వి.’ అనీ, ఇంకో పేపర్లో ‘కె. వెంకట’ అనీ రాసుకుంటే రెండు ప్రొఫైళ్లుగా చీలిపోతాడు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండేలా 2012లో వచ్చిన 16 అంకెల ఆర్కిడ్ నంబరు ఈ చిక్కును కొంత తీర్చింది కానీ, పాత పేపర్లన్నీ దానికి చేరాయో లేదో రచయితే చూసుకోవాలి.

పేరు సరిచేసుకున్నా వరస మిగిలే ఉంటుంది. హై ఎనర్జీ థియరీలో (మూలకణాల సిద్ధాంతాల్లో) రచయితల పేర్లు సాధారణంగా ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉంటాయి. ఎవరి కష్టం ఎంతో ఆ వరస చెప్పదు. యూజీసీ 2018 నిబంధనలు మాత్రం ఇద్దరికి మించి రాసిన పేపర్లో మొదటి రచయితకు లేదా జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే కరస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం పాయింట్లు ఇచ్చాయి. ఆచారి, నాయుడు, వెంకటేశ్ అనే ముగ్గురు సమానంగా శ్రమించి ఒక పేపర్ రాశారనుకుందాం. దానికి 20 పాయింట్లు వచ్చాయనుకుందాం. కరస్పాండింగ్ రచయిత కూడా ఆచారే అయితే ఆయనకు 14, మిగతా ఇద్దరికీ ఆరేసి. ‘వి’తో పేరు మొదలైనందుకు ప్రమోషన్ వెనకబడడం ఏం న్యాయం?

కాలం సంగతి ఇంకా పెద్దది. స్టీవెన్ వైన్‌బర్గ్ 1967లో రాసిన లెప్టాన్ల (ఎలక్ట్రాన్ లాంటి కణాల) మీది మూడు పేజీల పేపర్‌ను, ఆ తరహా సిద్ధాంతాలు గణితంలో నిలుస్తాయని చూపిన జెరార్డ్ టూఫ్ట్ లెక్కలు 1971లో వచ్చేదాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1979లో వైన్‌బర్గ్ నోబెల్ అందుకున్నది ఆ పేపర్‌లోని సిద్ధాంతానికే. ఆ పేపర్ ఒక్కదాన్నే ముందు పెట్టుకుని 1970లో ఏ కమిటీ అయినా సైటేషన్లు చూసి ఉంటే పక్కన పెట్టేసేది. మన దేశంలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ఇచ్చిన సమీకరణం అసలు బలం 1965 తర్వాత పెన్‌రోజ్, హాకింగ్ సింగ్యులారిటీ (గురుత్వం హద్దు మీరే చోటు) సిద్ధాంతాలతో లోకానికి తెలిసింది. 1964లో హిగ్స్ బోసాన్ కణాన్ని ఊహించిన పీటర్ హిగ్స్ ఆ తర్వాత పదిలోపే పేపర్లు రాశారు. ఈ రోజుల్లో అయితే తనకు ఉద్యోగమే దొరకదని ఆయనే అన్నారు. ఆయన ఊహించిన కణం ద్రవ్యరాశిని కొలిచి 2015లో వేసిన ఒక పేపర్‌కు 5,154 మంది రచయితలు. దానికి వచ్చే ప్రతి సైటేషనూ అందరి ఖాతాలోనూ పూర్తిగా పడుతుంది.

ఇప్పుడు వాడే హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ కూడా ఫిజిక్స్ మనిషే. కనీసం 15 సైటేషన్ల చొప్పున 15 పేపర్లుంటే హెచ్ 15. ఒకే సబ్‌ఫీల్డ్‌లో, ఒకే వయసువాళ్లను పోల్చడానికి అది కొంత పనికొస్తుంది. మెటీరియల్స్ సైన్స్‌లో పనిచేసేవాళ్లు ఎక్కువ, కాబట్టి సైట్ చేసేవాళ్లూ ఎక్కువ. ఆ అంకెను గ్రావిటీ థియరిస్ట్ అంకె పక్కన పెట్టకూడదు.

అంకె తీసేస్తే పైరవీ వస్తుందని చాలామంది భయం. నిజమైన భయమే. వెనక ఎవరూ లేని పలమనేరు కుర్రాడికి ఇంటర్వ్యూలో అంకెలే అండ. అందుకే వాటిని తీసేయమనను. హై ఎనర్జీ ఫిజిక్స్ పేపర్లుండే ఇన్‌స్పైర్ డేటాబేస్‌లో సొంత సైటేషన్లు (తన పేపర్లను తానే ప్రస్తావించుకున్నవి) తీసేసి చూసే వీలుంది, హై ఎనర్జీ థియరీకి దాన్ని వాడాలి. దరఖాస్తులో అభ్యర్థి తన మంచి పేపర్లు మూడు ఎంచుకుని, వాటిలో తన వాటా ఏమిటో ఒక్కో పేజీ రాయాలి. బయటి థియరిస్టులు ఇద్దరు వాటిని చదివి, కొత్తగా తేలిందేమిటో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ నివేదికలు అభ్యర్థికీ ఇవ్వాలి. అప్పుడు పైరవీకీ చోటు తగ్గుతుంది. ఏటా ఇన్ని పేపర్లు రావాలన్న టెన్షన్‌లో ఒకే ఫలితాన్ని మూడు ముక్కలు చేస్తున్న స్కాలర్‌కు, నాలుగేళ్లు పట్టే కష్టమైన సమస్యను ముట్టుకునే ధైర్యం కూడా వస్తుంది.