వైద్యం ఉందట, వెళ్ళనిది వాళ్ళేనట!

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విరివిగా తిరుగుతోంది. మాటలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నా సారం ఒకటే. డిప్రెషన్, ఆందోళన లాంటివి పనీపాటా లేని డబ్బున్నవాళ్ళ జబ్బులట. ఎండలో చెమటోడ్చేవాడి దరి చేరవట. ఒకవేళ చేరినా ప్రభుత్వం చట్టం చేసింది, ఉచిత ఫోన్ లైను పెట్టింది, బీమా కూడా వర్తిస్తోంది కాబట్టి ఇంకేం కావాలట. ఇన్ని ఉన్నా తాయెత్తుల వెంట తిరుగుతున్నారంటే తప్పు వాళ్ళదేనట. అక్కడక్కడ నిజం కూడా కలిసి ఉంది కాబట్టి దీన్ని మొత్తంగా కొట్టిపారేయకుండా ఒక్కో మాటా విడదీసి చూడాలి.

‘డబ్బున్నవాళ్ళ జబ్బు’ అన్న మాటతో మొదలుపెడదాం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అందులో తేలింది. పల్లెలకంటే మహానగరాల్లో ఈ శాతం ఎక్కువ. సందేశం రాసిన పెద్దమనిషికి ఇంతవరకు మార్కులు వేయవచ్చు. అయితే ఆదాయం తక్కువున్న కుటుంబాల్లోనే సమస్యలు ఎక్కువని చెప్పింది కూడా ఆ సర్వేనే. మహానగరంలో గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లే కాదు, తెల్లవారుజామున అడ్డా మీద పని కోసం నిలబడే కూలీలూ ఉంటారు. నగరం అనగానే డబ్బు అనుకోవడంతోనే లెక్క తప్పింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో నూటికి 26 మందికి పైగా రోజుకూలీలు. వృత్తులవారీగా చూస్తే అన్నిటికంటే పెద్ద సంఖ్య వాళ్ళదే. ప్రతి ఆత్మహత్య వెనుకా మానసిక జబ్బే ఉంటుందని ఎవరూ అనరు; అప్పులుంటాయి, ఇంట్లో హింస ఉంటుంది, పంట పోయి ఉంటుంది. కానీ కష్టం చేసుకునేవాడికి దిగులుండదని చెప్పేవారు ఈ అంకె ముందు ఏం జవాబు చెబుతారో వినాలని ఉంది.

ఇక చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొప్పదే. 2018 మే నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం నడిపే, లేదా ప్రభుత్వ నిధులతో నడిచే చోట మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుడి హక్కు అని 18వ సెక్షన్ రాసిపెట్టింది. జిల్లాలో కనీస సేవలు లేకపోతే ఆ జిల్లాలోనే మరో చోట పొందిన వైద్యానికి ఖర్చు ప్రభుత్వమే భరించాలని, అత్యావశ్యక మందుల జాబితాలోనివి ఉచితంగా ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మరి ఇచ్చేదెవరు? దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది సైకియాట్రిస్టులున్నారని 2019లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన అంచనా. కనీసం ముగ్గురు ఉండాలి. ఉన్న కాస్తమందీ ఎక్కువగా నగరాల్లోనే ఉన్నారు. కేంద్ర ఆరోగ్య బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి దక్కేది ఒక శాతం అటూ ఇటూ. అందులోనూ సింహభాగం జిల్లాలకు కాదు, నిమ్హాన్స్‌కే వెళ్తుంది.

ఈ అంకెలు మనిషి మీద ఎలా పడతాయో చూడాలంటే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉన్న రోజున ఒక పూట కూర్చోవాలి. కొడుకును వెంటబెట్టుకుని తల్లి మొదటి బస్సుకే వస్తుంది. చీటీ రాయించుకునే వరుస, డాక్టరుగారి గది ముందు వరుస, మందుల కిటికీ దగ్గర ఇంకో వరుస. లోపల డాక్టరుగారు మాట్లాడేది రెండు నిమిషాలు; బయట ఇంకా అరవై మంది ఉన్నారు, ఆయన్ని తప్పుపట్టలేం. నేను చూసిన ఒక రోజు మందుల కిటికీ లోపలి మనిషి మూడు రకాల్లో రెండే ఇచ్చి, “రిస్పెరిడోన్ లేదమ్మా, బయట కొనుక్కోండి” అన్నాడు. “పోయిన నెలా ఇదే చెప్పారు గదా బాబూ” అని ఆమె అక్కడే నిలబడింది. వెనక నుంచి ఎవరో తోశారు. తల్లీకొడుకులిద్దరి కూలి ఆ రోజుకు పోయింది, బస్సు చార్జీలు అదనం, ఇప్పుడు మందు కూడా కొనాలి. మందులకు, ప్రయాణాలకు కలిపి కుటుంబాలు నెలకు 1,000 నుంచి 1,500 రూపాయలు ఖర్చు పెడుతున్నాయని నిమ్హాన్స్ సర్వే పదేళ్ళ కిందటే చెప్పింది. ‘ఉచిత వైద్యం’ ధర అది. వచ్చే నెల ఆమె రాకపోతే రికార్డులో ‘మధ్యలో మానేశారు’ అని పడుతుంది.

ఫోన్ లైను సంగతి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ నిజంగా మంచి పని. 14416కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. నిద్ర పట్టనివారు, పరీక్షల భయంతో ఉన్న పిల్లలు, బతకాలని లేదనిపించేవారు తప్పకుండా చేయాలి. నా గొడవ ఆ లైనుతో కాదు, అదొక్కటీ ఉంటే చాలనే వారితో. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటే ఆ ఇల్లాలు ఎప్పుడు మాట్లాడాలి? ఒకే గది ఇంట్లో అత్తగారు వింటుండగా ఏం చెప్పుకోవాలి? లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టిపీడించే స్కిజోఫ్రీనియా జబ్బుకు క్లోజపిన్ అనే మందు వాడేవారికి మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష జరగాలి. మనసు ఉద్రేకాల్ని అదుపులో ఉంచే లిథియం వాడేవారి రక్తంలో ఆ మందు ఎంత ఉందో చూస్తుండాలి. ఫోనులో సలహా దొరుకుతుంది. రక్తం తీసేవాళ్ళు, మాత్రలిచ్చేవాళ్ళు దగ్గర్లో ఉండాలి కదా.

బీమా గురించి రెండు ముక్కలు చాలు. శరీర జబ్బులకు వర్తించినట్టే మానసిక జబ్బులకూ వర్తించాలని చట్టంలోని 21వ సెక్షన్ అంటోంది. కానీ మామూలు పాలసీ డబ్బులిచ్చేది ఆసుపత్రిలో చేరితేనే. ఆయుష్మాన్ భారత్‌దీ అదే దారి. మానసిక రోగుల్లో చాలామందికి కావలసింది మంచం కాదు, ఏళ్ళ తరబడి ఓపీ, మందులు, కౌన్సెలింగ్. వాటికి పైసా రాదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది చివరి మాట: మూఢనమ్మకం వల్లే వెళ్ళడం లేదని. గాలి సోకిందని, చేతబడి అని నమ్మేవాళ్ళు లేరని నేననను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరి ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉన్న పాతిక మందికి పైగా రోగులు మంటల్లో కాలిపోయారు. ఆ ఘోరం తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుంది. ఇప్పటి చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. అయితే అక్కడ రోగుల్ని వదిలి వెళ్ళిన కుటుంబాలకు ఊళ్ళో ఇంకేం దారి ఉండేదో కూడా అడగాలి. భూతవైద్యుడు పక్క వీధిలోనే ఉంటాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, కూర్చోబెట్టి గంటసేపు వింటాడు. ఆ పని డాక్టరు చేయగల ఏర్పాటు ఉంటే ఏమవుతుంది?

దీనికి జవాబు మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లోనే దొరికింది. ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే ప్రాజెక్టులో 30 గ్రామాల ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి, ఇంటింటికీ వెళ్ళి కొన్ని ప్రశ్నలు అడగడం నేర్పారు. సమస్య ఉన్నట్టు తేలినవారి వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చేరేవి. తర్వాత వెళ్ళారా, మందులు వాడుతున్నారా అని ఆశా కార్యకర్తే కనుక్కునేది. అంతకుముందు అలాంటివారిలో వైద్యం కోసం వెళ్ళినవారు 0.8 శాతం, ఆ తర్వాత 12.6 శాతం. ఇంకా చాలామంది వెళ్ళలేదు, నిజమే. కానీ అదే అడవి, అవే నమ్మకాలు, అదే జనం. ఊళ్ళో తెలిసిన మనిషి గడప దాకా వచ్చి అడిగి, మందిచ్చే డాక్టరును పక్కనే చూపిస్తే ఇంతమంది కదిలారు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది కూడా ఊరి దగ్గరే వైద్యం అందించాలన్న ఈ ఆలోచనతోనే. తొలి విడత నాలుగు జిల్లాల్లో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనిది. ఆ ఆలోచన ఇప్పుడు ఊళ్ళో ఎంతవరకు నిలిచిందో చూడాలి. కాబట్టి ఈ సందేశం మళ్ళీ ఎవరైనా పంపితే వాళ్ళకు ఒక చిన్న పని అప్పగించండి. తమ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డిప్రెషన్ మందు ఫ్లూఒక్సెటిన్ ఉందా, స్కిజోఫ్రీనియా మందు రిస్పెరిడోన్ ఉందా, సైకియాట్రిస్టు ఏ రోజు ఎక్కడికి వస్తారు అని అడగమనండి. వచ్చిన జవాబును అదే గ్రూపులో పెట్టమనండి.