సవరణ: థాడియస్ స్టీవెన్స్ వ్యాసంలో దొర్లిన తప్పులు

బానిసత్వాన్ని వ్యతిరేకించిన అమెరికా రాజకీయ నాయకుడు, న్యాయవాది థాడియస్ స్టీవెన్స్ (1792–1868) జీవితంపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో మూడు తప్పులు దొర్లాయి. ఆయన పెన్సిల్వేనియాలో పుట్టారని, సెనేటర్‌గా పనిచేశారని రాశాను. ఆయన పుట్టింది వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్‌లో. పెన్సిల్వేనియా నుంచి ఎన్నికైనది ప్రతినిధుల సభకే గాని సెనేట్‌కు కాదు.

మూడోది వీటికంటే పెద్ద తప్పు. న్యాయవాదిగా ఆయన ఏనాడూ బానిసల యజమానుల పక్షాన నిలబడలేదన్న వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను. బానిసత్వం అమల్లో ఉన్న మేరీలాండ్ నుంచి తనను అప్పుడప్పుడూ తీసుకొచ్చి పెన్సిల్వేనియాలో ఉంచిన కాలమంతా కలిపితే ఆరు నెలలు దాటుతుంది కాబట్టి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం తాను స్వతంత్రురాలినేనని చారిటీ బట్లర్ అనే బానిస మహిళ కోర్టుకెక్కగా, ఆ ఆరు నెలలూ ఎడతెగకుండా గడిచి ఉండాలన్న వాదనతో 1821లో యజమాని తరఫున స్టీవెన్స్ గెలిచారు. ఆమెకు విముక్తి దక్కలేదు. అభిమానంతో రాసేటప్పుడు ఇలాంటివి కంటికి ఆనవు; నా విషయంలో జరిగిందీ అదే.

తర్వాతి కాలంలో పారిపోయి వచ్చిన బానిసల తరఫున ఆయన వాదించిన సంగతి, 1834 నాటి ఉచిత పాఠశాలల చట్టం రద్దు కాకుండా 1835లో పెన్సిల్వేనియా చట్టసభలో చేసిన ప్రసంగం, నల్లజాతివారిని నిషేధించని శ్మశానాన్నే ఎంచుకుని లాంకస్టర్‌లో సమాధి కావడం, ఈ భాగాల్లో మార్పేమీ లేదు.