గోప్యమైన సిఫార్సు లేఖ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ సిఫార్సు లేఖ గారి దివ్య సముఖమునకు,

బెంగళూరు మారతహళ్లిలోని ఒక పీజీ హాస్టల్ నుంచి బీఫార్మసీ పట్టభద్రురాలు నమస్కరించి చేసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం. తమరు ఎక్కడున్నారో, అసలు పుట్టారో లేదో తెలియక కలవరపడుతున్నాను కనుక ‘ఉభయకుశలోపరి’ అని రాయడానికి చేయి రావడం లేదు.

తమ హోదా గురించి నాకు ఎలాంటి అనుమానమూ లేదు. అమెరికాలో ఫార్మ్‌డీ, అంటే ఫార్మసీలో డాక్టరు పట్టా, చదవడానికి అక్కడి ఫార్మసీ కాలేజీల ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తు వేదిక ఫార్మ్‌క్యాస్ ద్వారా దరఖాస్తు చేసుకునే నాలాంటిది మార్కుల జాబితాలు తెప్పించుకోగలదు, ఇంగ్లీషు పరీక్ష రాయగలదు, తన ఆశయాల మీద వ్యాసం అల్లగలదు, కష్టపడితే రుసుము కట్టడానికి నాన్నగారిని ఒప్పించగలదు. తమరిని మాత్రం తానుగా తేలేదు. తమరిని వేరొకరు రాయాలి, వారే ఆన్‌లైన్‌లో పంపాలి, అందులో ఏముందో నాకు తెలియకూడదు. అందరినీ భయపెట్టిన అక్కడి ఫార్మసీ ప్రవేశ పరీక్ష పీక్యాట్ అంతటిది కూడా 2024 జనవరిలో పదవీ విరమణ చేసి వెళ్లిపోయింది కానీ తమరి కుర్చీ కదలలేదు.

నాలుగేళ్లు ఫార్మసీ చదివి మళ్లీ ఫార్మసీ ఎందుకమ్మా అని తమరు అడగవచ్చు. 2003 నుంచి పట్టా పుచ్చుకున్న విదేశీ ఫార్మసిస్టులు అక్కడి లైసెన్సు దారిలో అడుగు పెట్టాలంటే కనీసం అయిదేళ్ల కోర్సు చదివి ఉండాలన్నది అక్కడి నిబంధన, మా బీఫార్మసీ ఏమో నాలుగేళ్లదే. మనకూ 2008 నుంచి ఆరేళ్ల ఫార్మ్‌డీ ఉంది కానీ, ఆ సంగతి మా ఇంట్లో తెలిసేసరికి నేను రెండో ఏడాదిలో ఉన్నాను. ఇక్కడ నేను చేరినప్పుడు నా గుణగణాల గురించి ఎవరూ ఎవరినీ అడగలేదు. ఇంటర్ బైపీసీ మార్కులు చూశారు, నాన్నగారు తెచ్చిన డీడీ చూశారు, ఆ డీడీతోనే నా సచ్ఛీలత మీద వారికి పూర్తి నమ్మకం కుదిరింది. అందువల్ల నన్ను పొగడగల మనుషులను ముందుచూపుతో పోగుచేసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నమంతా విభాగాధిపతి గారి గది ముందు బెంచీ మీద గడిపాను. సోమవారానికి రాసి ఉంచుతానని మాటిచ్చింది ఆయనే. భోజనానికి వెళ్లారన్నారు, తర్వాత ఇన్‌స్పెక్షన్ ఫైళ్ల పనిలో ఉన్నారన్నారు, ఆ తర్వాత ఆయన ఎక్కడున్నారో అటెండరుకు కూడా తెలియలేదు. కాలేజీ బస్సులు బయలుదేరే వేళకు ప్రత్యక్షమై, “నువ్వు ఏ బ్యాచ్ అమ్మా?” అని ఆప్యాయంగా అడిగారు. కన్నడిగులైనా మా ఆంధ్రా పిల్లలతో ఏళ్ల తరబడి వేగి తెలుగు నేర్చుకున్న మంచి మనిషి ఆయన. ఆ తెలుగులోనే, “నాకు టైమెక్కడుంది, నువ్వే రాసి తెచ్చెయ్యమ్మా, పంపించేస్తాను” అన్నారు. మిగతా మాస్టార్లు ఈ మాటను ముందే అనేశారు కనుక వారి విషయంలో నాకు బెంచీ అయినా తప్పింది.

ఇక్కడే నాకు ప్రాణం విసుగెత్తుతోంది. ‘ఈ విద్యార్థిని మిక్కిలి వినయశీలి’ అని నా చేత్తో నేను రాసుకుంటే, ఆ వాక్యం ముగిసేలోపే అబద్ధమైపోతుంది. అన్నగారిని నిందించిన పాపానికి ప్రాణం తీసుకుంటానన్న అర్జునుడికి, నిన్ను నువ్వు పొగుడుకో, అది చావుతో సమానమని కృష్ణుడు ఉపాయం చెప్పాడట. ఫార్మ్‌క్యాస్ నాలుగు లేఖల దాకా తీసుకుంటుంది కనుక నాకు నాలుగుసార్లు చచ్చే సౌకర్యం ఉంది. పైగా ఒక్కో చావు ఒక్కో శైలిలో ఉండాలి, లేకపోతే అవతలివారు పసిగడతారు. ఫార్మకాలజీ సార్ మితభాషి కనుక ఆయన పేరున నన్ను పొడిపొడి వాక్యాలలో మెచ్చుకున్నాను. విభాగాధిపతి గారు ఏ సంగతినైనా తాను చదువుకున్న రోజుల నుంచి మొదలుపెడతారు కనుక, ఆయన పేరున నన్ను మెచ్చుకోవడానికి ముందు ఆయన యౌవనాన్ని ఒక పేరా కొలిచాను. చేయి తిరగడానికి కన్సల్టెన్సీ వారిచ్చిన నమూనా ఒకటి చూశాను. అది ఎవరో సీనియర్ అన్నయ్యది. పేరు తీసేసి ఖాళీ వదిలారు కానీ మూడో పేరాలో క్రికెట్ జట్టు నాయకత్వం, నాలుగో పేరాలో ‘అతని’ ధైర్యసాహసాలు అలాగే ఉన్నాయి. ఆ అన్నయ్య ధైర్యసాహసాలతో ఇప్పటికి ఎంతమంది అమ్మాయిలు విమానమెక్కారో తమరికే తెలియాలి.

ఇంత చేశాక దరఖాస్తులో ఒక ప్రశ్న ఎదురవుతుంది. 1974లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, అక్కడి విద్యాసంస్థలో చేరిన విద్యార్థికి తన ఫైలు తాను చూసుకునే హక్కు ఉంటుంది. సిఫార్సు లేఖల వరకు మాత్రం ఆ హక్కును ముందుగానే వదులుకోవచ్చు. వదులుకుంటేనే లేఖకు విలువని, లేకపోతే రాసినవారు మొహమాటపడి ఉంటారని అనుమానిస్తారని అందరూ చెప్పారు. కాబట్టి నేను రాసిన లేఖను, నేను అక్షరదోషాలు దిద్దిన లేఖను, ఏ కామా ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన లేఖను, ఇకమీదట ఎన్నడూ చూడబోనని నేను ప్రమాణపూర్వకంగా ఒప్పుకున్నాను. ఇంతటి గోప్యతను ఏ దేశపు రక్షణ శాఖ పాటిస్తుంది స్వామీ!

తమరి వెంట వచ్చే రేటింగు పత్రం సంగతి కూడా విన్నవించాలి. ఫార్మ్‌క్యాస్ పంపిన లింకు ఒక సారు గారి కాలేజీ మెయిలుకు వచ్చింది. ఆ మెయిలు పాస్‌వర్డు సారుకు తెలియదు, కంప్యూటర్ ల్యాబ్ కుర్రాడికి తెలుసు. అతను వచ్చి తెరిచి వెళ్లాక, “అన్నిటికీ బెస్టు పెట్టెయ్యమ్మా” అని సారు టీకి లేచారు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి తమరు అడిగారు: ఈ అభ్యర్థి మీకు ఎంతకాలంగా తెలుసు? ఈమె నాయకత్వ లక్షణాలు ఎలాంటివి? ఇతరుల బాధను అర్థం చేసుకుంటుందా? ఈమె నైతిక ప్రవర్తనను మీరు ఏ స్థాయిలో ఉంచుతారు? సారు కుర్చీలో, సారు పేరుతో కూర్చున్న నేను ఆ చివరి గడి దగ్గర ఏది నొక్కాలి? నిజం నొక్కితే సీటు రాదు, సీటొచ్చేది నొక్కితే నిజం కాదు. టీ గ్లాసుతో తిరిగొచ్చిన సారు నా భుజం మీదుగా వంగి, మౌసు అందుకుని, అన్నిటికన్నా పై మెట్టును తానే నొక్కి, “దీనికే ఇంత ఆలోచిస్తే అమెరికాలో ఏం బతుకుతావమ్మా?” అన్నారు.

ఇక మర్యాదలు చాలు. ఎవరి కోసం పుట్టావు నువ్వు? ఇరవై మంది పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడే గురువుల కోసం పుట్టిన నిన్ను, వంద సీట్ల క్లాసులో హాజరు నంబరుతో పిలిచే చోటుకు తెచ్చి పడేస్తే ఏమవుతుంది? నాలుగేళ్లు నన్ను రోజూ చూసింది ల్యాబ్ అటెండరు అన్న. పని అయ్యాక బ్యూరెట్ అనే కొలత గొట్టం కడిగేది ఎవరో, కడగకుండా జారుకునేది ఎవరో, పక్కవాడి రీడింగులు దించేది ఎవరో ఆయనకు తెలిసినంత ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. కానీ ఆయన పేరు ముందు డాక్టరు లేదు, ఆయనకు కాలేజీ మెయిలు లేదు, కనుక ఆయన సాక్ష్యం నీకు పనికిరాదు. నా పేరు కూడా గుర్తులేని పెద్దమనిషి లెటర్‌హెడ్డు మీద నేను రాసుకున్న అబద్ధం నీకు ముద్దు! సార్లను తిట్టడానికి కూడా నాకు మనసొప్పదు. పాఠాలు, ఇన్విజిలేషను, ఇన్‌స్పెక్షను, అడ్మిషన్ల సీజనులో తల్లిదండ్రులకు ఫోన్లు, వీటి మధ్యలో ఇంతమంది పిల్లల మీద ఇంతేసి లేఖలు రాయడానికి వారికి ఎవరు గంట ఇచ్చారు, ఎవరు రూపాయి ఇచ్చారు?

తమరి మీద నాకు పూర్తిగా కసి తీరకుండా అడ్డుపడుతున్నది అనాలిసిస్ పాఠం చెప్పే మేడం ఒక్కరే. రాసి తెమ్మనలేదావిడ. “నీ గురించి నువ్వు రాస్తే ఇక నా సంతకమెందుకే?” అని కసిరి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకు వెళ్తున్నావు, ఏం చేద్దామని, ఇక్కడే ఆసుపత్రి ఫార్మసీలో ఎందుకు చేరవు అని చాలాసేపు నిలదీశారు. చివరికి, “మొదటి సెమిస్టరులో ఆస్పిరిన్ టైట్రేషను నీకు సరిగ్గా తేలలేదు కదూ?” అన్నారు. మందు ఎంతుందో చుక్కచుక్కగా ద్రవం వదిలి కొలిచే ఆ ప్రయోగంలో క్లాసంతా పుస్తకం ప్రకారం రావలసిన అంకెనే రికార్డులో రాసింది, నేను బ్యూరెట్ చూపించిన అంకె రాసి మార్కులు పోగొట్టుకున్నాను. మేడం లేఖను తానే టైపు చేసుకుని, తానే పంపారు. ఫార్మ్‌క్యాస్ పేజీలో ఆవిడ పేరు పక్కన ‘పూర్తయింది’ అని కనబడుతోంది, అంతే.

మిగతా లేఖలన్నీ నాకు కంఠస్థం. చదవాలనిపించేది ఈ ఒక్కటే, చదివే హక్కు వదిలేసుకున్నది దీనికి కూడా. సరే, మాట తప్పను. కానీ ఆ టైట్రేషను సంగతి మేడం అందులో రాశారా లేదా, అవుననో కాదనో ఒక్క ముక్క చెప్పడానికి తమరికి ఏం పోతుంది? ఆ పాటి చెప్పలేకపోతే రేపు బెంచీ మీదికి తమరే వచ్చి కూర్చోండి, విభాగాధిపతి గారు లేఖ ఇంకా పంపలేదు.

ఇట్లు,
తమ తక్కిన ప్రతులన్నిటి రచయిత్రి