అమ్మమ్మ సమ్మర్ క్యాంపు: ఒక వాదోపవాదం

వేసవి సెలవుల్లో మనవలను రెండు వారాలు తన దగ్గరే ఉంచుకుని సొంతంగా సమ్మర్ క్యాంపు నడుపుతానంటుంది అమ్మమ్మ. డబ్బు కట్టి బయట క్యాంపుకి పంపడమే నయమంటుంది కూతురు. నేను అమ్మమ్మ పక్షం. అలాగని కూతురి నోరు నొక్కలేదు.

కూతురు: పిల్లలతో గడుపు, ఎవరొద్దన్నారమ్మా? దానికి క్యాంపని పేరు పెట్టి, గోడకి టైంటేబుల్ అంటించడమెందుకు?

అమ్మమ్మ: అంటించకపోతే ఏమైందో పోయినేడు చూశాం కదే. లేవగానే ఫోను. మధ్యాహ్నానికి ముగ్గురూ మూడు మూలలు. నా ఇంట్లో నేనే అద్దెకున్నట్టుంది.

కూతురు: అందుకే అసలు క్యాంపుకి పంపుదామంటున్నా. నేర్పడం తెలిసినవాళ్లుంటారు, ఈడు పిల్లలుంటారు. ఈత నువ్వు నేర్పగలవా?

అమ్మమ్మ: నేర్పలేను, ఈతకి పంపు. కానీ అసలు క్యాంపు అన్నావే, 1861లో అమెరికాలో ఫ్రెడరిక్ గన్ అని బడి నడిపేవాడు, భార్యతో కలిసి తన బడి కుర్రాళ్లని సముద్రం ఒడ్డుకి నడిపించుకెళ్లి రెండు వారాలు గుడారాల్లో ఉంచాడు. అక్కడి సమ్మర్ క్యాంపులు దాంతోనే మొదలయ్యాయంటారు. మొగుడూ పెళ్లాం, తెలిసిన పిల్లలు, ఆరుబయలు. అంతే సరంజామా. నాకు గుడారం ఒక్కటే తక్కువ. రోజుకి ఒకే పని పెట్టుకున్నా. ఒకరోజు పెరట్లో కర్ర నిటారుగా పాతుతా. గంటకోసారి నీడ కొసన గులకరాయి పెట్టాలి. అన్నిటికంటే పొట్టి నీడ పడ్డ వేళకి గడియారం సరిగ్గా పన్నెండు చూపించకపోవచ్చు. ఎందుకో వాళ్లే తేల్చుకోవాలి. ఆ పొట్టి నీడే ఉత్తర దక్షిణాల గీత అని సాయంత్రం దాకా చెప్పను. ఇంకోరోజు వెడల్పు గిన్నెలో నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులోకి పోస్తా. ఐదేళ్లవాడు నీళ్లు పెరిగాయంటాడు, పదేళ్లది నవ్వుతుంది. పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త పిల్లలతో చేసిన ప్రయోగమే. పెద్దది వాడికి నచ్చజెప్పాలి, అదీ అరవకుండా. అందరూ ఒకే ఈడువాళ్లైతే ఆ అవసరమే రాదు.

కూతురు: నీడ ప్రయోగం ఏ వేళ? పది నుంచి నాలుగు దాకా, అంతేగా? అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉండే వేళ సరిగ్గా అదే. పైగా నీకు మోకాళ్ల నొప్పులు. చిన్నవాడు నీళ్ల తొట్టి వైపు పరిగెత్తితే అందుకోగలవా? మునిగే పిల్లాడు చాలాసార్లు అరవడు కూడా. అంత చిన్నపిల్లలకి జానెడు నీళ్లైనా ప్రమాదమే. మంచి క్యాంపులో కాపలాకే ఒక మనిషి ఉంటాడు.

అమ్మమ్మ: (ఆగి) తొట్టి బోర్లిస్తా. రాయి పెట్టి రావడానికి నిమిషం చాలు, టోపీ పెట్టి పంపుతా. మోకాళ్ల సంగతికి నా దగ్గర జవాబు లేదు. నేను కూర్చున్న చోటికి కనబడేంత మేరే ఆట.

(ఈ దెబ్బ కూతురిదే. అమ్మమ్మలు ఒప్పుకోరు గానీ, ఓపిక లెక్క ప్రేమ లెక్కతో తేలేది కాదు.)

కూతురు: మరి చదువు? వేసవి సెలవుల్లో పిల్లలు సగటున నెలరోజుల చదువు వెనకబడతారని 1996లో హారిస్ కూపర్ అనే అమెరికా పరిశోధకుడి బృందం తేల్చింది. లెక్కల్లో ఇంకా ఎక్కువట.

అమ్మమ్మ: గులకరాళ్ల మధ్య దూరాలు కొలిచి రాయడం లెక్కలు కాక మరేమిటే?

కూతురు: అదీ పెద్దదానిచేతే రాయిస్తావు. ప్రతి ఆటలో అదే టీచరు, అదే ఆయా. దానికి సెలవులు కావా? నన్నూ అంతే చేశావు. తమ్ముడి చెయ్యి పట్టుకోకుండా నేనాడిన ఆట ఒక్కటి చెప్పు.

అమ్మమ్మ: అప్పుడు నాకు ఉద్యోగం.

కూతురు: కాదనను. నా కోసం ఒక్క కర్రయినా పాతావా?

అమ్మమ్మ: పాతలేదు. నువ్వలా అడిగితే వాడు మాత్రం ఏం సుఖపడ్డాడు...

కూతురు: వాడి మాటెత్తకు.

అమ్మమ్మ: ఎత్తింది నువ్వే!

(తమ్ముడి గురించి ఇంకా చాలాసేపు సాగింది. అది మనకనవసరం.)

అమ్మమ్మ: సరే. పెద్దదానికి రోజూ మధ్యాహ్నం ఒక గది, తలుపేసుకునే హక్కు. ఎవరూ తట్టకూడదు, నాతో సహా. అసలు నా టైంటేబుల్ సరిగ్గా చూశావా? పొద్దున రెండు గంటలే నావి. మిగతా గళ్లు ఖాళీ. విసుగొస్తుందంటారు, రానీ. గోడకేసి చూసి చూసి వాళ్లే ఏదో మొదలెడతారు, సగంలో వదిలేస్తారు, కొట్టుకుంటారు. డబ్బు పుచ్చుకున్నవాడు పిల్లల్ని అలా ఊరికే కూర్చోబెడితే నువ్వే వెళ్లి నిలదీస్తావు. అందుకే పాపం వాడు గంటకో బెల్లు కొడతాడు. నన్ను నిలదీసేవాళ్లు లేరు. అది నేను తప్ప ఎవరూ ఇవ్వలేరే.

కూతురు: ఖాళీ గళ్లలోకి ఫోను దూరుతుంది.

అమ్మమ్మ: ఫోన్లు బీరువాలో, తాళం నా దగ్గర.

కూతురు: ముందు నీ ఫోను పెట్టు.

అమ్మమ్మ: నాదెందుకు?

కూతురు: నీ చేతిలో ఉంటే వాళ్లవి బీరువాలో ఆగవు. ఇంకోటి, రెండు వారాలు కుదరదు. ఒక్క వారం. ఈతకి సాయంత్రాలు నేనే తీసుకెళ్తా. నీకు అలుపొస్తే ఆ రాత్రే చెప్పాలి, దాచకూడదు.

అమ్మమ్మ: పది రోజులు.

కూతురు: వారం అన్నాను.